వేణ్ణీళ్ళ లైనులోకి చన్నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి?

నమస్కారం. నా సమాధానమంతా మీరు రాసిన వివరాల మీదే ఆధారపడి ఉంది కాబట్టి ముందుగా వాటిని ఒకచోట పెట్టుకుంటాను. గుంటూరు విద్యానగర్‌లో మీది కింద ఒకటి, పైన ఒకటి ఉన్న రెండంతస్తుల ఇల్లు. డాబా మీద నాలుగేళ్ళ కిందట పెట్టించిన 200 లీటర్ల గాజు గొట్టాల సోలార్ హీటర్ ఉంది. మొదటి మూడేళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు. పోయిన వేసవిలో కింది బాత్రూమును కొత్తగా కట్టించినప్పుడు గోడలో డైవర్టర్ (వేణ్ణీళ్ళనూ చన్నీళ్ళనూ కలిపి షవరుకో కుళాయికో మళ్ళించే మిక్సరు) పెట్టించారు, షవరు ధార చాలడం లేదని చన్నీళ్ళ లైనుకు ప్రెజర్ పంపు బిగించారు, అక్కడి 15 లీటర్ల గీజరును సోలార్ లైనుతో కలిపించారు. కార్తీక మాసం వచ్చేసరికి కింద గోరువెచ్చగా తప్ప రావడం లేదు. పై బాత్రూములో ఒక్కోసారి ధార బాగానే ఉన్నా నీళ్ళు చల్లగా ఉంటున్నాయి, ఒక్కోసారి వేడిగా ఉన్నా ధార మరీ సన్నగా ఉంటోంది. కంపెనీ తరఫున వచ్చిన కుర్రవాడు గొట్టాల పని అయిపోయింది, 300 లీటర్లది వేసుకోండి అన్నాడు. ప్లంబరు మాత్రం గార పట్టింది, ట్యాంకు కడిగించండి అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

ఇప్పటికి ఇద్దరి మాటా వినవద్దన్నది నా అభిప్రాయం. మీరు చివర్లో, దీనితో సంబంధం లేని సంగతి చెబుతున్నట్టుగా, రాత్రిపూట ఎవరూ కుళాయి తిప్పకపోయినా ప్రెజర్ పంపు దానంతటదే ఆన్ అయి కాసేపటికి ఆగిపోతోందని, దాని సెన్సారు కూడా చెడిపోయిందేమోనని రాశారు. మీరు రాసినదంతటిలోకీ నాకు అన్నిటికంటే పనికివచ్చిన వాక్యం అదే. ఎవరూ నీళ్ళు వాడనప్పుడు పంపు తిరుగుతున్నదంటే నీళ్ళు ఎక్కడికో పోతున్నాయన్నమాట. గోడల్లో చెమ్మ కనిపించడం లేదు, నేల తడవడం లేదు అంటున్నారు కాబట్టి అవి బయటికి కారడం లేదు. చన్నీళ్ళ లైను నుంచి వేణ్ణీళ్ళ లైనులోకి చొరబడి, అక్కడినుంచి పైకి ఎక్కి సోలార్ ట్యాంకులోకి చేరుతున్నాయని నేను అనుకుంటున్నాను. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు కానీ, మీ ఇంట్లో ఆ తోడు పిలవకుండానే వస్తోంది.

ఇది ఎలా సాధ్యమో చెప్పకపోతే మిగతా పరీక్షలు మీకు అర్థం కావు. మీ సోలార్ హీటరుకు సొంతంగా ఒత్తిడి అంటూ ఏమీ లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకులోని నీటిమట్టం ఎంత ఎత్తున ఉంటే వేణ్ణీళ్ళ కుళాయి దగ్గర అంత ఒత్తిడి ఉంటుంది, అంతే. ఒక మీటరు ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు 0.1 కిలో ఒత్తిడి వస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటిమట్టం డాబా మీదినుంచి తొమ్మిది అడుగుల ఎత్తున ఉందనుకుంటే, పై అంతస్తు షవరుకు దక్కేది 0.35 కిలో దగ్గర, కింది అంతస్తు షవరుకు 0.65 కిలో దగ్గర. ఇళ్ళలో పెట్టే ప్రెజర్ పంపులు మామూలుగా 1.5 నుంచి 2 కిలోల వరకు ఒత్తిడినిస్తాయి. అంటే ఒకే మిక్సరుకు ఎడమవైపు నుంచి అర కిలో, కుడివైపు నుంచి రెండు కిలోలు వచ్చి చేరుతున్నాయి. మధ్యలో ఎక్కడైనా సందు దొరికితే బలం ఉన్న నీళ్ళు బలం లేని నీళ్ళను వెనక్కి తోసుకుంటూ పోతాయి. అలా వెనక్కి పోయిన చన్నీళ్ళు సోలార్ ట్యాంకులోకి పైభాగాన ఉన్న వేణ్ణీళ్ళ దారిలోంచే ప్రవేశిస్తాయి. మామూలుగా ట్యాంకులో పైన వేడినీళ్ళు, కింద చల్లనీళ్ళు పొరలు పొరలుగా నిలిచి ఉంటాయి. ఆ పొరల బలం మీదే మీకు చివరి బకెట్టు వరకు వేడి దక్కుతుంది. పైనుంచి చన్నీళ్ళు పడితే ఆ పొరలు కలిసిపోయి 200 లీటర్లూ గోరువెచ్చగా మారతాయి, ఎక్కువైన నీళ్ళు చన్నీళ్ళ ఇన్‌లెట్ గొట్టం గుండా తిరిగి ఓవర్‌హెడ్ ట్యాంకులోకి చేరతాయి. పంపు మళ్ళీ వాటినే తోడి పోస్తుంది.

మీ పై బాత్రూము ప్రవర్తన కూడా దీనితో సరిగ్గా సరిపోతుంది. పంపు తిరుగుతున్నప్పుడు వేణ్ణీళ్ళ లైనులో ఉన్నది పంపు తోసిన చన్నీరు కాబట్టి ధార బాగుంటుంది, వేడి ఉండదు. పంపు ఆగినప్పుడు కేవలం ఎత్తు వల్ల దిగివచ్చే సోలార్ నీళ్ళు కాబట్టి వేడి ఉంటుంది, ధార ఉండదు. గొట్టాలే చెడిపోయి ఉంటే ఎప్పుడూ వేడి ఉండకూడదు, గారే కారణమైతే ఎప్పుడూ ధార ఉండకూడదు. మారి మారి వస్తోందంటే నా అనుమానం లైను మీదికే పోతుంది.

అయితే అనుమానం చాలదు, తేల్చుకోవాలి. దీనికి పనిముట్లు అక్కరలేదు. బాగా ఎండ కాసిన రోజున సాయంత్రం 5 గంటలకు, ఎవరూ వేణ్ణీళ్ళు వాడకముందు, డాబా ఎక్కి సోలార్ ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే వేణ్ణీళ్ళ వాల్వును పూర్తిగా మూసివేయండి. చన్నీళ్ళ ఇన్‌లెట్ వాల్వును ముట్టుకోవద్దు, ట్యాంకు నెత్తిన నిలువుగా ఉండే గాలి గొట్టానికి ఏ అడ్డూ పెట్టవద్దు. మర్నాడు తెల్లవారుజామున 5 గంటలకు ప్రెజర్ పంపు ఆపి, వాల్వు తెరిచి, పై బాత్రూములో బకెట్టు పట్టి చూడండి. బాగున్న ట్యాంకు రాత్రంతా నిలవ ఉన్నా కొద్ది డిగ్రీలకు మించి వేడి పోగొట్టుకోదు. ఆ ఉదయం నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా వచ్చాయంటే హీటరుకు ఏ జబ్బూ లేదు, జబ్బంతా వాల్వుకు కిందనే ఉందని తేలిపోయినట్టే. వాల్వు మూసినా ఉదయానికి గోరువెచ్చగానే ఉంటే అప్పుడు కంపెనీ కుర్రవాడి మాట గురించి ఆలోచించవచ్చు. దాని గురించి కింద రాస్తాను. వంద రెండు వందల రూపాయలకు దొరికే థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే సాయంత్రం, ఉదయం రెండు అంకెలూ రాసుకోవచ్చు, తరువాత ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు వాదనకు తావుండదు.

రెండో పరీక్ష, చన్నీళ్ళు చొరబడే చోటును పట్టుకోవడానికి. పైన వేణ్ణీళ్ళ వాల్వు మూసి ఉంచి, ప్రెజర్ పంపు ఆన్‌లో ఉంచి, పై బాత్రూములో వేణ్ణీళ్ళ కుళాయిని మాత్రమే తెరవండి. ముక్కాలు అంగుళం సీపీవీసీ గొట్టంలో మీటరుకు పావు లీటరు పైచిలుకు నీళ్ళు నిలవ ఉంటాయి కాబట్టి, మీ ఇంటి లైను పొడవును బట్టి మొదట నాలుగైదు లీటర్లు రావడం సహజం, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అర బకెట్టు నిండిన తరువాత కూడా ధార ఆగకపోతే ఆ నీళ్ళు సోలార్‌వి కావు, చన్నీళ్ళ లైనువే. కుళాయిని అలాగే వదిలి, మనిషిని ఒకరిని అక్కడ నిలబెట్టి, మీరు కిందికి వచ్చి చన్నీళ్ళ వాల్వులను ఒక్కొక్కటిగా మూస్తూ రండి: ముందు గీజరు దగ్గరిది, తరువాత వాష్ బేసిన్ కింద ఉన్న యాంగిల్ కాక్‌లు (గోడ దగ్గరి చిన్న వాల్వులు), తరువాత వంటింటి సింకు, వాషింగ్ మెషీన్. ఏది మూసినప్పుడు పైనున్న మనిషి "ఆగింది" అని కేకవేస్తే అదే దొంగ. ఏవీ మూసినా ఆగకపోతే గోడలో దాగిన డైవర్టరే మిగులుతుంది.

మీ ఇంట్లో నా మొదటి అనుమానం గీజరు మీద. ఈ కనెక్షను గుంటూరులోనూ బెజవాడలోనూ ఎంతమంది ప్లంబర్లు ఒకే తీరున తప్పుగా చేస్తారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గీజరు కిందికి వంగి చూడండి. నీలం గుర్తు ఉన్న చోట నీళ్ళు లోపలికి వెళతాయి, ఎరుపు గుర్తు ఉన్న చోట బయటికి వస్తాయి. నీలం వైపు గొట్టం కిందికి దిగగానే ఒక టీ (మూడు నోళ్ళ జాయింటు), ఆ టీకి రెండు కొమ్మలు, కొమ్మకొక బాల్ వాల్వు కనిపిస్తాయి. ఒకటి చన్నీళ్ళది, ఇంకొకటి సోలార్‌ది. మబ్బు పట్టిన రోజున చన్నీళ్ళది, ఎండ ఉన్న రోజున సోలార్‌ది తెరుచుకోవాలన్నది ఉద్దేశం. రెండూ తెరిచి ఉంటే మాత్రం చన్నీళ్ళ లైనునూ సోలార్ లైనునూ నేరుగా ముడిపెట్టినట్టే. పని ముగించి వెళ్ళిపోయే ప్లంబరు సాధారణంగా రెండూ తెరిచే వెళతాడు, ఇంట్లోవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. చెయ్యి పెట్టి చూస్తే కూడా తెలుస్తుంది: ఎండ కాసిన సాయంత్రం గీజరు స్విచ్చి వేయకుండా పంపు తిరుగుతున్నప్పుడు, సోలార్ వాల్వు పైన ఉన్న గొట్టం మొదట వెచ్చగా ఉండి, చూస్తుండగానే కింది నుంచి పైకి చల్లబడుతూ పోతుంది. నీళ్ళు పైకి ఎక్కుతున్నాయనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఇవాళే ఆ చన్నీళ్ళ వాల్వును మూసేసి చూడండి. రాత్రి పంపు చప్పుడు ఆగిపోతే సగం పని అయినట్టే.

శాశ్వతమైన పరిష్కారంగా అక్కడ నాన్ రిటర్న్ వాల్వులు (నీళ్ళను ఒక్క వైపుకే పోనిచ్చేవి) పెట్టమని చాలామంది చెబుతారు. నేనైతే ఆ చన్నీళ్ళ కొమ్మనే తీయించి ఆ నోటికి డమ్మీ (బిరడా) వేయిస్తాను. సోలార్ లైనులో ఎప్పుడూ నీళ్ళు ఉంటాయి; మబ్బు రోజున చల్లగా ఉంటాయి, అంతే. ఆ నీళ్ళే గీజరులోకి వెళ్ళి వేడెక్కుతాయి. గీజరుకు విడిగా చన్నీళ్ళ అవసరమే లేదు. ఒక జాగ్రత్త చెప్పాలి: వేసవిలో సోలార్ నీళ్ళు 70 డిగ్రీలు దాటి రావచ్చు, మీ గీజరు ఇన్‌లెట్‌లోకి ఎంత వేడి నీళ్ళు పంపవచ్చో దానితో వచ్చిన పుస్తకంలో చూసుకోండి. మరొక జాగ్రత్త, గీజరు పక్కన ఉండే ప్రెజర్ రిలీఫ్ వాల్వు (లోపల ఒత్తిడి పెరిగితే బయటికి వదిలేది) నుంచి నీళ్ళు వేడెక్కేటప్పుడు చుక్కలు పడితే అది లోపం కాదు, దాని పనే అది. చుక్కలు పడుతున్నాయని దానికి డమ్మీ బిగించిన ఇళ్ళను చూశాను. అంతకంటే ప్రమాదకరమైన పని బాత్రూములో మరొకటి ఉండదు.

రెండో అనుమానం డైవర్టర్ మీద. సింగిల్ లివర్ డైవర్టర్ లోపల సిరామిక్ బిళ్ళలున్న కార్ట్రిడ్జ్ ఒకటి ఉంటుంది. బోరు నీళ్ళలోని సున్నం, సన్న ఇసుక ఆ బిళ్ళల మధ్య చేరితే, బయటికి చుక్క కారకపోయినా లోపల ఒకవైపు నుంచి ఇంకొకవైపుకు దారి ఏర్పడుతుంది. కార్ట్రిడ్జ్ మార్పించడం పెద్ద పనేమీ కాదు, గోడ పగలగొట్టనక్కర లేదు, కాకపోతే అదే కంపెనీది, అదే సైజుది తెచ్చుకోవాలి. పాతదాన్ని విప్పి చేత పట్టుకుని దుకాణానికి వెళ్ళడమే మంచిది. పాత పద్ధతి రెండు పిడుల వాల్ మిక్సర్ అయితే కార్ట్రిడ్జ్ ఉండదు కానీ మరొక చిక్కు ఉంది. దాని కింద హెల్త్ ఫాసెట్‌నో, ఆపే మీట ఉన్న చేతి షవరునో తగిలించి, పిడులు రెండూ తెరిచే ఉంచి, మీట దగ్గర మాత్రమే నీళ్ళు ఆపే అలవాటు చాలా ఇళ్ళలో ఉంటుంది. అప్పుడు మిక్సరు లోపల చన్నీళ్ళకూ వేణ్ణీళ్ళకూ మధ్య తలుపు బార్లా తెరిచి ఉన్నట్టే. బెజవాడ పటమటలో ఒక ఇంట్లో ఏ వాల్వు మూసినా ధార ఆగక తల పట్టుకుంటే, చివరికి పనిమనిషి వాడే వెనక బాత్రూములో ఇదే దొరికింది. ఆ పిడులు మూసే అలవాటు ఒక్కటే అక్కడ మందు.

ఇక నాన్ రిటర్న్ వాల్వు ఎక్కడైనా పెట్టవలసి వస్తే, రకం చూసి పెట్టించుకోండి. దుకాణంలో అడగగానే ఇచ్చేది స్ప్రింగు రకం. పంపు లైనుకు అది బాగుంటుంది కానీ, 0.35 కిలో ఒత్తిడితో దిగే సోలార్ లైనులో ఆ స్ప్రింగును తోసుకుని తెరవడానికే ఉన్న కాస్త ఒత్తిడిలో కొంత పోతుంది, ధార ఇంకా సన్నబడుతుంది. లోపల రేకు తలుపులా ఊగే ఫ్లాప్ రకాన్ని, అడ్డంగా ఉన్న గొట్టంలో, బాణం గుర్తు నీళ్ళు పోయే వైపుకు ఉండేలా బిగించమనండి. దానికి ముందొక యూనియన్ (గొట్టం కోయకుండా విప్పగలిగే జాయింటు) వేయించుకుంటే విప్పి కడుక్కోవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్ళు బెజవాడ సింగ్‌నగర్ ఇళ్ళను ముంచినప్పుడు సంపుల్లో చేరిన ఒండ్రు ఆ తరువాత నెలల తరబడి ఇలాంటి వాల్వుల్లో అడ్డుపడి తలుపు మూసుకోనివ్వలేదు. యూనియన్ లేనివాళ్ళు గొట్టం కోయవలసి వచ్చింది.

పంపు సంగతి. చొరబాటును ఆపినా, ఒకే మిక్సరులోకి రెండు కిలోల చన్నీరు, అర కిలో వేడినీరు వస్తుంటే షవరు కింద నిలబడ్డవారికి వేడి దక్కదు. వేణ్ణీళ్ళ ధార ఎంత తిప్పినా చన్నీళ్ళే గెలుస్తాయి. రెండు వైపులా ఒత్తిడి సమానంగా ఉండాలి, అది ఎలా సాధిస్తారన్నది మీ ఇష్టం. ఖర్చు లేని దారి, బాత్రూము చన్నీళ్ళను పంపు నుంచి విడదీసి పాత పద్ధతిలో ఓవర్‌హెడ్ ట్యాంకు లైనుకే కలిపి, పంపును వాషింగ్ మెషీనుకూ నీటి ఫిల్టరుకూ పరిమితం చేయడం. నా ఓటు దీనికే. షవరు జోరుగానే ఉండాలని ఇంట్లో పిల్లలు పట్టుబడితే, వేణ్ణీళ్ళ లైనుకు కూడా వేడినీళ్ళకు పనికివచ్చే పంపును విడిగా పెట్టించాలి. చన్నీళ్ళ పంపునే అక్కడ బిగిస్తే దాని సీళ్ళు ఒక్క వేసవి దాటవు. ఆ పంపు లాగే వేగానికి సరిపడా నీళ్ళు సోలార్ ట్యాంకులోకి దిగాలి కాబట్టి ఇన్‌లెట్ గొట్టం ఔట్‌లెట్ కంటే చిన్నది ఉండకూడదు. ఇక ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడనిది, ప్రెజర్ పంపును సోలార్ ట్యాంకు ఇన్‌లెట్‌కు కలపడం. ఒత్తిడి లేని పద్ధతికి తయారైన ట్యాంకు లోపలి రేకు చాలా పలచన, గొట్టాలు రబ్బరు రింగుల పట్టు మీద నిలబడి ఉంటాయి. ఎవరైనా ఆ సలహా ఇస్తే వినవద్దు.

చొరబాటు ఆగిన తరువాత కూడా పై అంతస్తులో ధార సన్నగా ఉందనుకోండి, అప్పుడది వేరే విషయం. 20 లీటర్ల బకెట్టు మూడు నాలుగు నిమిషాల్లో నిండితే సోలార్ నీళ్ళకు అది మంచి ధారే. ఆరేడు నిమిషాలు పడుతుంటే వెతకాలి. మొదట షవరు జల్లెడ, కుళాయి మూతిలోని జాలీ విప్పి చూడండి, సగం ఇళ్ళలో పని అక్కడితో అయిపోతుంది. తరువాత డాబా మీదికి వెళ్ళి గొట్టం నడకను చూడండి. సోలార్ ట్యాంకు నుంచి బయలుదేరిన గొట్టం కిందికే దిగుతూ పోవాలి. పిట్టగోడ దాటించడానికి పైకి ఎక్కించి మళ్ళీ దించి ఉంటే ఆ వంపులో గాలి చేరుతుంది; వేడెక్కిన నీళ్ళలోంచి గాలి విడుదలవుతూనే ఉంటుంది కాబట్టి ఒకసారి తీసినా మళ్ళీ చేరుతుంది. ఆ ఎత్తైన చోట ఒక టీ వేసి, ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తుగా ఒక అర అంగుళం గొట్టాన్ని నోరు తెరిచి నిలబెడితే చాలు. లేదా పిట్టగోడకు రంధ్రం వేసి గొట్టాన్ని సూటిగా పంపితే ఇంకా మంచిది. ట్యాంకు దగ్గర ఒక అంగుళం ఔట్‌లెట్‌ను వెంటనే అర అంగుళానికి తగ్గించే రెడ్యూసరు ఉంటే అది కూడా తీయించండి. ఇనుప నిప్పిల్ (కలిపే పొట్టి గొట్టం ముక్క) వాడి ఉంటే లోపల తుప్పు, గార కలిసి చిటికెన వేలు కూడా పట్టని సందు మిగిలి ఉంటుంది; దాని స్థానంలో స్టీలు లేదా ఇత్తడిది వేయించండి.

ఇప్పుడు కంపెనీ కుర్రవాడి మాట. మొదటి పరీక్షలో సాయంత్రమే నీళ్ళు వేడిగా లేకపోతే గొట్టాలను చూడాలి. గాజు గొట్టం కింది కొనలో అద్దంలా మెరిసే వెండి రంగు పూత ఉంటుంది. లోపలి శూన్యం పోతే ఆ మెరుపు పోయి పాలలాంటి తెలుపు వస్తుంది. అలా తెల్లబడినవాటిని మాత్రమే మార్చాలి, ఇరవైలో రెండు తెల్లబడితే ఇరవై కొనాల్సిన పని లేదు. అన్నీ మెరుస్తుంటే గొట్టాలు పోయాయన్న మాట నిజం కాదు. ఆ తరువాత చూడవలసినది నీడ. ఈ నాలుగేళ్ళలో మీ దక్షిణం వైపు ఎవరైనా మరో అంతస్తు లేపారా, ఎవరి వాటర్ ట్యాంకైనా అడ్డు వచ్చిందా అన్నది డిసెంబరులో చూడాలి, మేలో కాదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు, వేసవిలో పడని నీడ అప్పుడు పడుతుంది. పై దుమ్మును తడిగుడ్డతో తుడవడం ఎటూ చేయవలసినదే.

లోపలి బురద, గార కడిగించాలంటే, ఆ పని ఎండలో చేయనివ్వకండి. ఖాళీ గొట్టం ఎండకు బాగా కాలిపోతుంది, దానిలో చన్నీళ్ళు పడగానే పగులుతుంది. తెల్లవారకముందో, పొద్దు గుంకిన తరువాతో నింపాలి. స్టీలు ట్యాంకులో బాత్రూము యాసిడ్ పోయిస్తానంటే ఒప్పుకోవద్దు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం స్టెయిన్‌లెస్ స్టీలును సూది మొనంత రంధ్రాలు పడేలా తినేస్తుంది, ఆరు నెలల తరువాత కారడం మొదలైనప్పుడు ఎవరూ ఆ యాసిడ్‌ను తలుచుకోరు. నిమ్మ ఉప్పు ద్రావణం నిదానంగానైనా క్షేమంగా పనిచేస్తుంది.

గార అసలు పట్టకుండా చూసుకోవడం ఇంకా మేలు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములకు లోబడి ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. మన బోర్లలో చాలావాటి నీళ్ళు మొదటి హద్దు దాటి ఉంటాయి, బకెట్టు అంచున తెల్లచారలు చూస్తే తెలుస్తూనే ఉంటుంది. నీళ్ళు ఎంత వేడెక్కితే సున్నం అంత త్వరగా పేరుకుంటుంది, 60 డిగ్రీలు దాటాక మరీ. అందుకే గీజరు థర్మోస్టాట్‌ను 55, 60 మధ్య ఉంచుకోండి. మీకు మునిసిపల్ కృష్ణా నీళ్ళు వస్తున్నాయి కదా, వాటినీ బోరు నీళ్ళనూ ఒకే ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కిస్తున్నారని రాశారు. 500 లీటర్ల చిన్న ట్యాంకు ఒకటి విడిగా పెట్టి, కృష్ణా నీళ్ళు మాత్రమే అందులోకి ఎక్కించి సోలార్‌కు దాన్నుంచే ఇవ్వండి. దాని అడుగు సోలార్ ట్యాంకు నెత్తి కంటే ఎత్తున ఉండాలి, గాలి గొట్టం కొన దాని నిండు మట్టం కంటే ఇంకా ఎత్తున ఉండాలి. లేకపోతే ట్యాంకు నిండిన ప్రతిసారీ వేడినీళ్ళు ఆ గొట్టం గుండా డాబా మీదికి పొర్లిపోతాయి. సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం) పెట్టడం కంటే ఇది చవక, ఉప్పు పోసే బాధ ఉండదు.

300 లీటర్లది కావాలా అన్నదానికి లెక్క చూద్దాం. 200 లీటర్ల ట్యాంకులో 60 డిగ్రీల నీళ్ళు ఉంటే, పొరలు చెదరకుండా 150 లీటర్లు దక్కుతాయనుకోండి. చలికాలపు తెల్లవారుజామున మన ట్యాంకు నీళ్ళు 22 డిగ్రీల దగ్గర ఉంటాయి. స్నానానికి 40 డిగ్రీలు చాలు. బకెట్టులో సగానికి కొంచెం తక్కువ వేడినీళ్ళు, మిగతావి చన్నీళ్ళు కలిపితే ఆ వేడి వస్తుంది. ఆ లెక్కన 20 లీటర్ల బకెట్లు పదిహేను వస్తాయి. మీ ఇంట్లో అయిదుగురు, అంటే మనిషికి మూడు బకెట్లు. తలంటు రోజున కూడా సరిపోతుంది. చొరబాటు ఉన్న లైనుకు 300 లీటర్లది పెట్టినా 300 లీటర్ల గోరువెచ్చని నీళ్ళే వస్తాయి.

మబ్బు రోజుల సంగతి వేరు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలా రోజుల తరబడి ముసురు పడితే ఎంత పెద్ద సోలార్ అయినా చన్నీళ్ళే ఇస్తుంది, దానికి గీజరే దిక్కు. 2 కిలోవాట్ల 15 లీటర్ల గీజరు 25 డిగ్రీల నీళ్ళను 60కి తేవడానికి 18 నిమిషాలకు పైగా తీసుకుంటుంది. మీ అమ్మగారు ముందు స్నానం చేస్తారని రాశారు. ఆమె తరువాత రెండోవారు వెంటనే వెళితే చన్నీళ్ళు రావడం గీజరు తప్పు కాదు. ఇరవై నిమిషాల ఎడం ఇవ్వండి. నిజంగానే అరగంటైనా వేడెక్కకపోతే ఎలిమెంటుకు గార పట్టి ఉంటుంది. స్విచ్చి ఆపడంతో సరిపెట్టకుండా, మీటరు బోర్డులో గీజరు ఎంసీబీ (కరెంటు ఆపే మీట) దించిన తరువాతే మెకానిక్‌ను దాన్ని విప్పనివ్వండి.

ముందుగా గీజరు దగ్గరి ఆ చన్నీళ్ళ వాల్వు మూయండి, ఎండ కాసిన సాయంత్రం పైన వాల్వు మూసి రాత్రి పరీక్ష చేయండి. ఆ రెండు ఉష్ణోగ్రతలు, రాత్రి పంపు తిరిగిందా లేదా, ఏ వాల్వు మూస్తే పైన ధార ఆగింది అన్నవి రాయండి. అవి తెలిస్తే ఏ గొట్టం ఎక్కడ కోయాలో, ఎక్కడ ఫ్లాప్ వాల్వు వేయాలో ప్లంబరుకు చూపించడానికి వీలుగా మీ ఇంటి లైను గీసి ఇస్తాను. అప్పటిదాకా కొత్త హీటరుకు అడ్వాన్సు ఇవ్వకండి.